ఒక్క పక్కకెల్లరొరిగి: పాపికొండల లాంచీ పద్యానికి టీకా తాత్పర్యం

పాపికొండల యాత్రా లాంచీలో సిబ్బంది మైకు పట్టుకుని ప్రయాణికులకు చెప్పే నాలుగు హెచ్చరికలు ఈ టీకకు మూలం. అసలైతే అవి వచనంలో ఉంటాయి. మధ్యలో సినిమా పాట అడ్డం వస్తుంది, సగం మాటలు ఇంజను చప్పుడులో కొట్టుకుపోతాయి, మిగిలిన సగాన్ని ఇడ్లీ తినేవాళ్లు వినరు. టీకకు నిలకడైన పాఠం కావాలి కనక వాటిని ఇక్కడ ఒక ఆటవెలదిలో బిగించడమైంది.

ఆ. ఒక్క పక్క కెల్ల రొరిగి నిలువరాదు
వేసుకొన్న కోటు విప్పరాదు
కొండ చూచువేళ కూన చేయి విడువ
రాదు, రేవు దాక రాక దిగకు!

అవతారిక

శాస్త్రగ్రంథం మొదట అనుబంధ చతుష్టయం చెప్పాలి. ఇందులో విషయం లాంచీ సిబ్బంది పని. ప్రయోజనం, ఎక్కినవాళ్లు ఎక్కినంతమందీ దిగడం. సంబంధం టికెట్టు. ఇక మిగిలింది అధికారి, అంటే ఈ పద్యం వినడానికి అర్హత గలవాడు. నేలకొండపల్లి నుంచి బయల్దేరే యాత్రికుణ్ణి ఆ స్థానంలో నిలబెడితే లక్షణం చక్కగా కుదురుతుంది. అది భద్రాచల రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. భద్రాచలం దారి ఆ ఊరికి గోపన్న నాటి నుంచీ అలవాటు. ఊళ్లో బౌద్ధ స్తూపం ఉంది, విరాటరాజు పేర చెప్పుకునే దిబ్బ ఉంది, కీచకుడి పేర గుండం ఉంది. సముద్రం మాత్రం లేదు. పెద్ద నీళ్లంటే దగ్గర్లోని పాలేరు జలాశయమే. ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి, దర్శనం ముగించుకుని, మర్నాడు పొద్దున్నే పోచవరం రేవుకు పోయే ఈ యాత్రికుడికి నీళ్ల సంగతి తెలిసింది తక్కువ, కొండల అందం విన్నది ఎక్కువ. ఇంతకంటే అర్హుడు దొరకడు.

పోచవరం 2014 దాకా ఖమ్మం జిల్లాలోదే. వీఆర్ పురం మండలంతో పాటు ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. అంతవరకూ లాంచీలో చెప్పే కళాసీ (డెక్కు పనివాడు), వినని ప్రయాణికుడూ ఒకే జిల్లావాళ్లు.

కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథ సూరి మెదకు ప్రాంతపువాడు. మూలంలో ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీక అందులో మొదటి సగాన్ని పాటిస్తుంది.

కర్త

పద్యం పలికేది ఎవరన్న చర్చ అవసరం. లాంచీ నడకకు సరంగు కర్త, అతని చేతిలో చుక్కాని ఉంటుంది. ఇంజను డ్రైవరుది యంత్రం. నదుల మీద తిరిగే మరపడవల కోసం తెచ్చిన 1917 నాటి చట్టం ఈ రెండు పనులకూ యోగ్యతా పత్రం ఉండాలంది. ఆ చట్టం స్థానంలో 2021లో కొత్తది వచ్చింది. అయితే పద్యం ఈ ఇద్దరి నోటా రాదు. ఒకడు చుక్కాని వదలకూడదు, మరొకడు ఇంజను వదలకూడదు. మోకు విసిరేది, గెడ వేసేది, కోట్లు పంచేది, బల్ల వేసేది, ముసలమ్మను చెయ్యి పట్టి ఎక్కించేది, డెక్కు కడిగేది కళాసీ. కొన్ని లాంచీల్లో కథలు చెప్పడానికి గైడు ఉంటాడు కాబట్టి మైకు అతనిది, గొంతు చించుకోవడం కళాసీది. శాసనం పలికేవాడికి శాసించే హోదా లేకపోవడం ఈ పద్యానికి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది. "సార్, కూచోండి సార్" అని రెండు సార్ల మధ్య ఇరికించి చెప్పే ఆజ్ఞను ఆజ్ఞగా ఎవరూ వినరు.

ఛందస్సు

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మొదటి పాదంలో "ఎల్లరు" మీద "ఒరిగి" వచ్చి సంధి జరిగింది. అక్కడి అచ్చుతో యతి చెల్లుతుందని లాక్షణికులు ఒప్పుకున్నారు. లాంచీలో ఎల్లరూ ఒరిగితే ఒప్పుకునే లాక్షణికుడు లేడు.

ప్రతిపదార్థం

ఒక్క పక్కకు = లాంచీ కుడి ఎడమల్లో ఏదో ఒక వైపుకే; ఎల్లరు = టికెట్టు కొన్నవాళ్లు, వాళ్ల ఒళ్లో పిల్లలు, ఫొటో తీసే బావమరిది సహా అందరూ; ఒరిగి = కమ్మీ మీద వాలి; నిలువరాదు = నిలబడకూడదు; వేసుకొన్న = రేవులో కళాసీ కళ్లెదుట తొడుక్కున్న; కోటు = లైఫ్ జాకెట్టు; విప్పరాదు = ఉక్క పేరు చెప్పి గాని, అన్నం పేరు చెప్పి గాని తీయకూడదు; కొండ చూచువేళ = పాపికొండల నడుమకు లాంచీ చేరిన సమయంలో; కూన చేయి = వెంట తెచ్చిన పిల్లల చెయ్యి; విడువరాదు = వదలకూడదు; రేవు దాక రాక = లాంచీ ఒడ్డుకు చేరి, మోకు కట్టి, బల్ల వెయ్యకముందు; దిగకు = దిగవద్దు.

వ్యాఖ్య: మొదటి పాదం

గోదావరి మీద పూర్వం సాగిన సరుకు వెదురు, కలప, ధాన్యం. అవి వేసిన చోట ఉండేవి. పాపికొండ కనిపించిందని వెదురు మోపు లేచి కిటికీ దగ్గరకు పరిగెత్తదు. యాత్రా లాంచీలో సరుకు పరిగెత్తుతుంది. సిబ్బంది పనంతా ఈ ఒక్క తేడాలోంచి పుట్టింది. సరుకు పడవకు చుక్కాని పట్టడం వస్తే చాలావరకు చాలు. యాత్రా లాంచీకి నిమిషనిమిషానికీ మారే బరువును సర్దడం రావాలి, అదీ ఆ బరువుకు కోపం రాకుండా.

లెక్క సులువే. మనిషి సగటున 60 కిలోలనుకుంటే, 60 మంది కలిసి 3,600 కిలోలు. మూడున్నర టన్నులకు పైన బరువు నడిమి నుంచి ఒక అంచుకు రెండు మీటర్లు జరిగితే లాంచీ అటు వాలుతుంది. వాలిన నేల మీద నిలబడ్డవాళ్లు మరికాస్త అటే జారతారు కాబట్టి వాలు తనంతట తాను పెరుగుతుంది. జనం పై డెక్కు మీద ఉంటే సంగతి ఇంకా చెడుతుంది. పడవ గరిమనాభి ఎంత పైకి పోతే, వాలిన పడవ తిరిగి నిటారుకు వచ్చే శక్తి అంత తగ్గుతుంది. దృశ్యం పై డెక్కు మీదే బాగుంటుంది, పాటలూ డాన్సులూ అక్కడే పెడతారు. బరువును ఎత్తున పోగుచేసి గెంతించడం అనే ఈ ఏర్పాటును ఏ నౌకానిర్మాణ గ్రంథమూ మెచ్చదు.

స్థలం కూడా కలిసిరాదు. కూనవరం దగ్గర శబరిని కలుపుకుని వెడల్పుగా పారే గోదావరి పాపికొండల మధ్య ఇరుకవుతుంది. అంత నీరూ సన్నని దారిలో పోవాలి కాబట్టి లోతు, వడి, మలుపుల్లో సుళ్లు. అత్యంత అందమైన చోటు, అత్యంత జాగ్రత్త అవసరమైన చోటు ఒకటే అయ్యాయి. సరిగ్గా అక్కడే అందరూ లేస్తారు.

ఆరితేరిన కళాసీ ఈ పాదాన్ని ఉన్నదున్నట్టు చదవడు. "అందరూ ఇటే వస్తే పడవ వాలుతుంది" అంటే భయపడి ఒక్కసారిగా రెండో వైపుకు ఉరుకుతారు, అది మొదటిదానికంటే ప్రమాదం. అందుకని, "అమ్మా, అటు వైపు నుంచి ఇంకా బాగుంటది, ఒక నలుగురు అటు రండి" అంటాడు. ఇది అబద్ధమే. ఆలంకారికులు దీన్ని వ్యాజోక్తి కింద చేర్చుకోవచ్చు.

రెండో పాదం

"వేసుకొన్న" అన్న విశేషణం లేకుండా "కోటు విప్పరాదు" అన్నా అర్థం తెలుస్తుంది కదా అని శంక. సమాధానం: కోటు వేయించడం కష్టం కాదు. రేవులో తనిఖీ ఉంటుంది, వేసుకోనిదే లాంచీ కదలదు. కదిలిన పావుగంటకు ఎండ ఎక్కుతుంది, కోటు చెమట వాసన వేస్తుంది, నారింజ రంగు పట్టుచీరకు నప్పదు. అక్కడి నుంచి సాయంత్రం దాకా కళాసీ పోరాటం "విప్ప" అన్న రెండక్షరాలతోనే.

ఆ పోరాటం ఊరికే కాదు. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ గుడి దగ్గర్నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ అనే లాంచీ కచ్చులూరు దగ్గర మునిగింది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది, ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. కచ్చులూరు గిరిజనులు తమ పడవల్లో వచ్చి అందినవాళ్లను ఒడ్డుకు చేర్చారు. మొత్తం మీద 26 మంది బతికారు. చనిపోయినవాళ్లలో వరంగల్లు పక్కన కడిపికొండవాళ్లు ఉన్నారు. మునిగిన లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో వెతికి అక్టోబరు 22న బయటికి లాగింది. అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఎక్కించవలసినదాని కంటే ఎక్కువమందిని ఎక్కించిన పడవ అది.

కోటు గురించి పద్యం చెప్పని సూక్ష్మం ఒకటుంది. ఆరుబయట నీళ్లలో పడ్డవాణ్ణి కోటు తేలుస్తుంది. కింది డెక్కు గదిలో తలుపులు వేసుకుని కూర్చున్నవాడి చుట్టూ నీళ్లు నిండితే, అదే కోటు అతన్ని కప్పుకు అదిమి పెడుతుంది. కిందికి మునిగి కిటికీలోంచి దూరి బయటపడనివ్వదు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానలో ఒక సర్వీసు లాంచీ మునిగింది. అందులో ఎక్కువమంది కొండ ఊళ్లకు తిరిగిపోయే గిరిజనులు. వాన కొడుతోందని తలుపులూ కిటికీలూ మూసుకున్నారు, అందుకే చాలామంది బయటికి రాలేకపోయారు. కాబట్టి "కోటు విప్పరాదు" అన్నచోట "కిటికీ మూయరాదు" అని కూడా చేర్చి చదవాలి. వాన పడుతుంటే కిటికీ తెరిచి ఉంచమనడం కళాసీ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన వాక్యం. తడిసేది ఇప్పుడు, ప్రమాదం వస్తే గిస్తే తరవాత.

మూడో పాదం

సులభం. కూన అంటే ఇక్కడ పిల్లలే. కొందరు ఆధునికులు సెల్‌ఫోను అని అర్థం చెబుతున్నారు. చేత్తో గట్టిగా పట్టుకుని కొండ వైపు చాచేది దాన్నే కాబట్టి ఆ అర్థానికీ ఆధారం లేకపోలేదు. విధి "విడువ" అని మూడో పాదంలో ఆగి, "రాదు" అని నాలుగో పాదంలో పూర్తవుతుంది. పాదం చివర చెయ్యి వదిలేసినట్టు కనిపించడం లోపమే.

నాలుగో పాదం

మూడు నిషేధాలు "రాదు" అని మర్యాదగా ఉండగా, నాలుగోది "దిగకు" అని ఏకవచనంలోకి దిగింది. ఛందస్సు కోసమని ఒక సమర్థన. పొద్దుటి నుంచి "అండీ" అన్న మనిషి సాయంత్రానికి ఎవరో బల్ల పడకముందే ఒడ్డుకు దూకబోతుంటే "ఏయ్, దిగకు!" అంటాడని ఇంకో సమర్థన. రెండోదే గ్రాహ్యం.

లాంచీ ఒడ్డును ఆనుకునే ఆ అరనిమిషం చిన్న ప్రమాదాలకు నెలవు. ముక్కు ఇసుకకు తగిలి వెనక్కి ఒక మూర తగ్గుతుంది, వెనక భాగాన్ని ప్రవాహం పక్కకు తోస్తుంది. దూకినవాడి కాలు ఒడ్డుకూ లాంచీకీ మధ్య పడుతుంది. కళాసీ ముందు తాను దిగి, మోకు చుట్టి, గెడతో లాంచీని నిలిపి, బల్ల వేసి, ఆ తరవాత చెయ్యి అందిస్తాడు.

"రేవు" స్థిరమైన చోటు కాదని కూడా తెలుసుకోవాలి. గోదావరి మట్టంతో పాటు రేవూ ఎక్కుతుంది, దిగుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో 71.3. వరద కాలంలో యాత్రా లాంచీలు కట్టేస్తారు, అప్పుడు సిబ్బందికి పని లేదు. కచ్చులూరు తరవాత ఆగిన యాత్రలు 2021 నవంబరులో మళ్లీ మొదలయ్యాయి. ఈలోపు ఆ ఏడు జూన్‌లో పోలవరం ప్రాజెక్టు దగ్గర నదిని స్పిల్‌వే వైపు మళ్లించారు. ఎగువన నీరు నిలిచి, దేవీపట్నం వైపు పాత రేవులు, పాత ఒడ్డు గుర్తులు మారిపోయాయి. ఏ చెట్టు సూటిగా వస్తే ఎటు తిప్పాలో కంఠస్థం చేసిన సరంగుకు చెట్టే మునిగిపోతే పాఠం మొదటి నుంచి మొదలు.

పాఠాంతరం: సముద్రం మీద

ఇదే పద్యం పగడపు దిబ్బల మీదికి తీసుకెళ్లే పడవల్లో కాస్త మార్పుతో చెల్లుతుంది. విశాఖలో రుషికొండ దగ్గర స్కూబా పడవలున్నాయి. పగడాల కోసమైతే తెలుగువాడు అండమాన్ పోతాడు. అక్కడి జనాభాలో 2011 లెక్కల ప్రకారం 13 శాతం మంది మాతృభాష తెలుగే కాబట్టి శ్రీ విజయపురం (మొన్నటి పోర్ట్ బ్లెయిర్) జెట్టీలో తెలుగు వినిపించడం వింత కాదు. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983లో ఏర్పడింది. అందులోని జాలీ బాయ్ దీవికి ప్లాస్టిక్ పట్టుకెళ్లనివ్వరు.

అక్కడ మొదటి పాదం అర్థం మారదు. చిన్న పడవ అంచుల మీద కూర్చున్న డైవర్లు రెండు వైపుల నుంచీ ఒకేసారి, లెక్క చెప్పగానే, వెనక్కి నీళ్లలోకి పడతారు. ఒక వైపువాళ్లే పడితే రెండో వైపు బరువు పడవను తిరగేయగలదు. రెండో పాదంలో కోటు గాలి నింపుకునే డైవింగ్ జాకెట్టవుతుంది. దాన్ని బిగించి, సిలిండరు వాల్వు తెరిచి ఉందో లేదో చూడడం సిబ్బంది పని. మూడో పాదంలో కూన బదులు జోడీ. నీటి కింద ఎవరూ ఒంటరిగా పోకూడదని నియమం.

నాలుగో పాదం మాత్రం తలకిందులవుతుంది. ఇక్కడ దిగడమే యాత్ర, తొందరపడకూడనిది పైకి రావడంలో. లోతున ఒత్తిడికి నెత్తురులో కరిగిన నత్రజని, మనిషి ఒక్కసారిగా పైకొస్తే సోడా బుడగల్లా విడిపోయి కీళ్లను, నరాలను పట్టుకుంటుంది. అందుకని నిమిషానికి 9 మీటర్లు మించకుండా రమ్మంటారు, 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగమంటారు. పైన పడవలో ఉన్నవాడు బుడగలు చూస్తూ ఉండాలి. మనుషులు దగ్గర్లో తేలితే ఇంజను పంకా తిరక్కూడదు. ఇక్కడ లంగరు మాట కూడా వేరు. గోదావరిలో ఇసుకలో పడే లంగరు అక్కడ పగడం మీద పడుతుంది. ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున పెరిగే జాతులున్నాయి, ఒక్క లంగరు దెబ్బ కొన్ని దశాబ్దాల పెరుగుదలను పగలగొడుతుంది. తెలిసిన సిబ్బంది ముందే కట్టి ఉంచిన బోయకు మోకు తగిలిస్తారు. ఈతగాళ్లకు కాలు కింద పెట్టవద్దని చెప్పేదీ అందుకే.

ధ్వని

పద్యం ప్రయాణికుల పనులు చెప్పింది. సిబ్బంది తమకు తాము చెప్పుకోవలసిన రెండు పనులు ఇందులో వాచ్యం కావు. ఒకటి లెక్క. పేరంటాలపల్లిలో గుడికి మెట్లెక్కినవాళ్లు దిగిరావడానికి ఎవరి వేళ వారిది, బొంగులో చికెన్ దగ్గర ఆగిపోయేవాళ్లు వేరు. మళ్లీ లాంచీ కదిలేముందు తలలు లెక్కపెట్టాలి. "అందరూ వచ్చారా?" అని మైకులో అడగడం లెక్క కిందికి రాదు, రానివాడు "రాలేదు" అని పలకడు. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ పడవ ఇద్దరు అమెరికన్లను, భార్యాభర్తలను, సముద్రంలోనే వదిలి ఒడ్డుకు తిరిగొచ్చింది. లెక్క తప్పింది. సంగతి రెండు రోజుల తరవాత గాని తెలియలేదు, వాళ్లు దొరకలేదు. ఆ తరవాత క్వీన్స్‌లాండ్‌లో తలల లెక్క నియమాలు గట్టిపడ్డాయి. కచ్చులూరు తరవాత ఆంధ్రప్రదేశ్ బోటింగ్ కేంద్రాల దగ్గర పెట్టిన కంట్రోల్ రూముల పనుల్లోనూ ఎవరెవరు ఎక్కారో చూసుకోవడం ఒకటి.

రెండోది రాత్రి కాపలా. కచ్చులూరుకు 13 రోజుల ముందు, 2019 సెప్టెంబరు 2న, కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ దీవి పక్కన లంగరు వేసి ఉన్న కన్సెప్షన్ అనే డైవింగ్ పడవకు తెల్లవారకముందే నిప్పంటుకుంది. కింది గదిలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. పైన ఉన్న అయిదుగురు సిబ్బంది బతికారు. రాత్రంతా ఒకరు మేలుకుని తిరగాలన్న నియమాన్ని పాటించలేదని తేలింది. కెప్టెన్‌కు 2024లో నాలుగేళ్ల జైలు పడింది. ఇక గోదావరికి వస్తే, పాపికొండల దారిలో కొల్లూరు ఇసుకతిన్నెల మీద వెదురు గుడిసెల్లో బస ఉండే యాత్రల్లో ప్రయాణికులు ఒడ్డున పడుకుంటారు, లాంచీ నీళ్లలో ఉంటుంది. నది మట్టం రాత్రిపూట తగ్గితే అది ఇసుక మీద కూర్చుండిపోతుంది, పెరిగితే మోకు బిగుసుకుంటుంది. మట్టం కనిపెట్టి మోకు సర్దడానికి కళాసీల్లో ఒకడు మెలకువగా ఉండాలి.